అమ్మకు కీళ్ళవాతం, నాకు థైరాయిడ్: చెల్లెలికి జీన్ టెస్టా, రక్త పరీక్షా? ఏది మేలు?

మా అమ్మకు పదేళ్ళ పైనుంచి కీళ్ళవాతం, అదే రుమటాయిడ్ ఆర్థరైటిస్. నాకు హషిమోటో రకం థైరాయిడ్. మా చెల్లెలికి ఏ జబ్బూ లేదు గానీ దిగులు మాత్రం చాలానే ఉంది. "అక్కా, జీన్ టెస్టు చేయించుకుంటే నాకు ఏది రాబోతోందో తేలిపోతుంది కదా" అని నెల రోజులుగా నన్ను పట్టుకుంది. ఉమ్మి పంపితే చాలనే కిట్లు ఇంటికే వస్తున్నాయి. మా తిరుపతి కొర్లగుంటలోనే ఇదే మాట అడిగినవాళ్ళు ఇంకో ముగ్గురున్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఈ రెండు జబ్బులకూ చుట్టరికం ఉన్న మాట నిజమే. రెండింటిలోనూ మన రక్షణ కణాలు మన ఒంటి మీదే తిరగబడతాయి. ఆరో క్రోమోజోమ్ మీదున్న హెచ్‌ఎల్‌ఏ జీన్లు, రెండోదాని మీదున్న సీటీఎల్‌ఏ4, ఒకటోదాని మీదున్న పీటీపీఎన్22 రెండింటి జాబితాలోనూ కనిపిస్తాయి. మన రక్షణ కణాలు ఎప్పుడు ఎదురు తిరగాలో, ఎప్పుడు తగ్గాలో చూసుకోవడం వీటి పని. అందులో తేడా వస్తే ఒకే ఇంట్లో ఒకరికి గొంతు దగ్గర, ఒకరికి వేళ్ళ కణుపుల దగ్గర దెబ్బ పడొచ్చు.

అయితే కిట్ కొనేముందు చూడాల్సింది వేరే ఉంది. పీటీపీఎన్22లోని ఒక మార్పుకు కీళ్ళవాతంతో సంబంధం ఉందని 2004లో బయటపడింది. చూసింది యూరప్ మూలాల జనంలో. వాళ్ళలో అది తరచుగా కనిపించేదే, మనవాళ్ళలో చాలా అరుదు. కాబట్టి కిట్ రిపోర్టులో "ఆ మార్పు లేదు" అని వస్తే మా చెల్లెలు సంబరపడాల్సిందేమీ లేదు. మా అమ్మకు కూడా బహుశా లేదు, అయినా జబ్బు వచ్చింది. హెచ్‌ఎల్‌ఏ సంగతి కాస్త నయం, దాని ప్రభావం పెద్దది, మన దగ్గరా కనిపిస్తుంది. కానీ ఆ రకం జీన్ ఉండి నిక్షేపంగా బతికేవాళ్ళే ఎక్కువ. జీన్లన్నీ ఒకటే అయిన కవలల్లో ఒకరికి కీళ్ళవాతం ఉంటే రెండోవారికీ వచ్చేది నూటికి 15 మందికి అటూఇటుగా. చెల్లెలికి అమ్మ నుంచి వచ్చింది సగమే.

ఇక యాంటీబాడీ పరీక్షలు, అంటే మన ఒంటి మీదే గురిపెట్టిన రక్షణ పదార్థాలను రక్తంలో వెతికేవి. థైరాయిడ్‌కు యాంటీ టీపీఓ, కీళ్ళకు యాంటీ సీసీపీ. జీన్ చెప్పేది వీలు మాత్రమే, ఇవి చెప్పేది ఒంట్లో మొదలైన పని. యాంటీ సీసీపీ కొందరిలో నొప్పులకు కొన్నేళ్ళ ముందే కనిపిస్తుంది. అలాగని నొప్పి లేని మనిషికి చేయిస్తే? పాజిటివ్ వచ్చినా వెంటనే మందు మొదలుపెట్టరు, మిగిలేది టెన్షనే. నెగటివ్ వచ్చినా హామీ లేదు, కీళ్ళవాతం ఉన్నవాళ్ళలోనే మూడో వంతు మందికి అది రాదు. యాంటీ టీపీఓ పాజిటివ్ అయి, థైరాయిడ్ సరిగా పనిచేస్తోందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ రక్త పరీక్ష బాగుంటే మామూలుగా మాత్ర ఇవ్వరు. ఇంగ్లండులో విక్‌హామ్‌లో 20 ఏళ్ళు గమనించినప్పుడు, అలాంటి ఆడవాళ్ళలో థైరాయిడ్ మందగించింది ఏడాదికి నూటికి ఇద్దరిలోనే. గర్భం కోసం చూస్తున్నవాళ్ళకు మాత్రం ఇది తెలిసి ఉండటం మంచిది.

నా ఓటు మామూలు టీఎస్‌హెచ్‌కే. ఎందుకంటే తేడా వస్తే దానికి మాత్ర ఉంది, ఖర్చు కొన్ని వందల్లో తేలుతుంది. పోయినేడు నాకు పొద్దున లేస్తే వేళ్ళు పట్టేసేవి, సంగటి కెలికే తెడ్డు పట్టుకోలేకపోయేదాన్ని. అమ్మ జబ్బే వచ్చిందని ఏడ్చాను. తీరా చూస్తే యాంటీ సీసీపీ నెగటివ్, టీఎస్‌హెచ్ మాత్రం 18, అంటే బాగా ఎక్కువ. థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర కలిపి మింగుతున్నాను మరి! కాల్షియం ఆ మాత్రను ఒంటికి సరిగా పట్టనివ్వదు, అందుకే రెండింటి మధ్య నాలుగు గంటలు ఉండాలి. అలా మార్చాక రెండు నెలల్లో వేళ్ళు మళ్ళీ నావయ్యాయి. కానీ టీఎస్‌హెచ్ బాగుండీ, పొద్దున గంటకు పైగా బిగుసుకుపోయి, రెండు చేతుల చిన్న కీళ్ళూ వాస్తే యాంటీ సీసీపీకి అదే సమయం. అప్పుడు ఆలస్యం చేయకూడదు. చిత్తూరు వైపు వాళ్ళు ఎలాగూ రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రికి బస్సెక్కుతారు.

"ఇమ్యూనిటీ ప్యాకేజీ" పేరుతో ఇరవై పరీక్షలు కట్టగట్టి అమ్మేవాటి గురించి రాయడం కూడా దండగ.

చెల్లెలు రెండో బిడ్డ కోసం అనుకుంటోంది కాబట్టి టీఎస్‌హెచ్, యాంటీ టీపీఓ చేయించాం. కిట్ ఆర్డరు రద్దు చేసింది. ఆ హెచ్‌ఎల్‌ఏ జీన్‌కు పొగ తోడైతే కీళ్ళవాతం ముప్పు బాగా పెరుగుతుంది. మా ఇంట్లో సిగరెట్ కాల్చేది తమ్ముడొక్కడే. "అమ్మ జీన్లు నీకూ సగం వచ్చాయిరా" అన్నాను. ఈ ఏడాది అలిపిరి మెట్లెక్కి స్వామి దగ్గర మానేస్తానన్నాడు. పోయినేడూ ఇదే మాట.