ఏసీఓ, డీసీఓ రెండూ వాడాక: తప్పు ఎక్కడుందో తేలాలి కదా!

ఏసీఓ (అనలాగ్ కోహెరెంట్ ఆప్టిక్స్), డీసీఓ (డిజిటల్ కోహెరెంట్ ఆప్టిక్స్) అంటే విద్యుత్ సిగ్నల్‌ను కాంతిగా మార్చి ఫైబర్‌లోకి పంపే, అందుకునే రెండు రకాల మాడ్యూళ్లు. వాటి వేగం, దూరం, ధరల పట్టికలు అమ్మేవారే ఇస్తారు, ఆ జోలికి పోను. హైదరాబాద్‌లో డేటా సెంటర్ల మధ్య ఫైబర్ లింకులు చూసుకునే ఉద్యోగం నాది. కొన్నేళ్లు సీఎఫ్‌పీ2 సైజు ఏసీఓ మాడ్యూళ్లు, ఆ తర్వాత 400జెడ్‌ఆర్ అనే 400 గిగాబిట్ ప్రమాణం పాటించే డీసీఓలు వాడాను. ఏసీఓ మీద నా కోపమంతా ఒక్కదానికే: లింకు చెడితే తప్పు ఎక్కడుందో తేలనివ్వదు.

ఏసీఓలో డీఎస్‌పీ (సిగ్నల్‌ను సరిచేసి డేటాగా మార్చే చిప్) ఉండేది లైన్ కార్డు మీద, అంటే మాడ్యూల్‌ను గుచ్చే బోర్డు మీద. కార్డుకూ మాడ్యూల్‌కూ మధ్య కనెక్టర్ గుండా నడిచేది అనలాగ్ సిగ్నల్. ఒక రాత్రి ఒక లింకులో ప్రీ-ఫెక్ ఎర్రర్ రేటు (దిద్దుబాటుకు ముందు డేటాలో ఉండే తప్పుల రేటు) నెమ్మదిగా పెరగసాగింది. అందుతున్న కాంతి శక్తి మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఫైబర్ కొసలను మైక్రోస్కోపుతో చూసి తుడిచాం, లాభం లేదు. మాడ్యూల్ మార్చాం, కాస్త తగ్గి తెల్లవారేసరికి మళ్లీ పెరిగింది. తీసేసిన మాడ్యూల్ వేరే కార్డులో నిక్షేపంగా పనిచేసింది! మాడ్యూల్ అమ్మినవారు కార్డును వేలెత్తి చూపారు. కార్డు అమ్మినవారు, అది తమ మాడ్యూల్ కాదు కనుక తమ క్యాలిబ్రేషన్ దానికి వర్తించదన్నారు. చివరకు కార్డే మార్చాం. దాని మీదే ఉన్న రెండో లింకుకు ఏ జబ్బూ లేకపోయినా దాన్నీ దించక తప్పలేదు. ఆ లింకు కస్టమర్‌కు సంజాయిషీ చెప్పుకోవడం నా వంతైంది.

డీసీఓలో డీఎస్‌పీ మాడ్యూల్ లోపలే ఉంటుంది. ఎర్రర్ రేటు, క్రోమాటిక్ డిస్పర్షన్ (ఫైబర్‌లో కాంతి పల్స్ సాగిపోవడం), ఓఎస్‌ఎన్‌ఆర్ (కాంతి సిగ్నల్‌కూ నాయిస్‌కూ నిష్పత్తి) అంచనా అన్నీ అదే చెబుతుంది. ఒకటి చెడినప్పుడు వేరే కంపెనీ మాడ్యూల్ పెట్టి అదే తరంగదైర్ఘ్యం ఇచ్చాను. అవతలి చివర పాతదే ఉన్నా లింకు లేచింది. పరిశ్రమ ప్రమాణాలు రూపొందించే ఓఐఎఫ్ సంస్థ 2020లో ఖరారు చేసిన 400జెడ్‌ఆర్ మీద నాకు గురి కుదిరింది ఆ రోజే.

అయితే వేడి సంగతి చెప్పాలి. ఈ డీసీఓల క్యూఎస్‌ఎఫ్‌పీ-డీడీ సైజు అంత చిన్న పెట్టెలో 15 వాట్లకు పైగా పుడుతుంది. పోర్టులు పక్కపక్కనే నింపితే ఫ్యాన్లు హోరెత్తుతాయి. మే నెలలో ఒక ఏసీ ఆగిన మధ్యాహ్నం మాడ్యూల్ ఉష్ణోగ్రత 70 డిగ్రీల వైపు పోతుంటే ట్రాఫిక్ మరో దారికి మళ్లించాల్సి వచ్చింది. డీఎస్‌పీ లేని ఏసీఓతో మాడ్యూల్ దగ్గర ఆ బెంగ ఇంత ఉండేది కాదు. పైగా మామూలు జెడ్‌ఆర్ పంపే శక్తి మైనస్ 10 డీబీఎం (కాంతి శక్తి కొలమానం) దరిదాపుల్లోనే. 0 డీబీఎం చానళ్లకు కట్టిన మా పాత రోడమ్ (తరంగదైర్ఘ్యాలను దారి మళ్లించే పరికరం) మార్గంలో అది చాలలేదు. ఎక్కువ శక్తి పంపే డీసీఓలు దొరుకుతున్నాయి కానీ, అక్కడ ఏసీఓలు బాగానే నడుస్తున్నాయి కాబట్టి కదపలేదు.

మావి 80 కిలోమీటర్లు దాటని లింకులు, రాత్రి డ్యూటీలో ఉండేది ఒక్కరే. అందుకే కొత్తగా కొనేవన్నీ డీసీఓలే, స్పేర్లలో రెండో కంపెనీవి కూడా ఉంచుతున్నాం. వందల కిలోమీటర్ల లింకులుండి, కార్డులూ మాడ్యూళ్లూ ఒకే కంపెనీ నుంచి తీసుకున్నవారి లెక్క వేరే కావచ్చు.