నీటిని శుభ్రం చేసే నాచు: తేలేది మేలా, వలకు అంటుకుని పెరిగేది మేలా?

నాచుతో మురుగునీటిని బాగుచేయవచ్చని చెప్పేవారు చాలామంది ఒక ప్రశ్నను దాటవేస్తారు. పెరిగిన నాచును నీటిలోంచి తీసేదెలా? మురుగులోని నత్రజనిని, భాస్వరాన్ని నాచు మాయం చేయదు, తన ఒంట్లో దాచుకుంటుంది. తీయకుండా వదిలేస్తే చచ్చి కుళ్లి, తిన్నదంతా మళ్లీ నీటికే అప్పగిస్తుంది. ఆ కుళ్లడంలో నీటిలోని ఆక్సిజన్ కూడా ఖర్చయిపోతుంది. అందుకే నేను ముందు చూసేది శుద్ధి శాతాలు కాదు, కోత ఎంత సులువన్నది.

తేలే సూక్ష్మ నాచు పద్ధతిని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విలియం ఆస్వాల్డ్ 1950లలో అభివృద్ధి చేశారు. సుమారు 30 సెంటీమీటర్ల లోతుండే కాలువలాంటి చెరువులో తెడ్డుచక్రం నీటిని నెమ్మదిగా తిప్పుతుంటుంది. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని బ్యాక్టీరియా తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. నాచు దాన్ని తీసుకుని, బ్యాక్టీరియాకు కావలసిన ఆక్సిజన్‌ను ఇస్తుంది. గాలి ఊదే యంత్రాలు అక్కర్లేదు. ఎండ ముదిరేకొద్దీ నీటి పీహెచ్ పెరిగి, అంటే నీరు క్షారంగా మారి, కొంత అమ్మోనియా గాలిలో కలుస్తుంది, కొంత ఫాస్ఫేట్ గట్టిపడి అడుక్కి చేరుతుంది. ఎండకు రోగక్రిములూ తగ్గుతాయి. ఇంతవరకు ముచ్చటగానే ఉంది.

చిక్కంతా కోతలో ఉంది. క్లోరెల్లా అనే సూక్ష్మ నాచు కణం మిల్లీమీటరులో వందో వంతుకు మించదు. లీటరు నీటిలో ఎండు నాచు సాధారణంగా ఒక గ్రాము కూడా ఉండదు. మామూలు వడపోతకు అది చిక్కదు, తనంతట తాను తొందరగా మునగదు. పటిక లాంటిది వేసి ముద్దకట్టించాలి, లేదా గిర్రున తిప్పి వేరుచేసే యంత్రం పెట్టాలి. గాలి ఊదకపోవడం వల్ల ఆదా అయిన కరెంటు ఇక్కడ తిరిగి ఖర్చు కావచ్చు. నాచును మేసే రోటిఫర్లు, డాఫ్నియాలు అనే చిన్న నీటి జీవులు చొరబడితే పచ్చటి చెరువు కొద్ది రోజుల్లోనే ఖాళీ అవుతుంది.

వల పద్ధతికి ప్రేరణ పగడపు దిబ్బలు. వాటిని అధ్యయనం చేసిన స్మిత్‌సోనియన్ (అమెరికాలోని పరిశోధన సంస్థ) శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ దీన్ని రూపొందించారు. ఏటవాలు నేల మీద వల పరిచి, నీటిని పలుచగా, అలలు అలలుగా వదులుతారు. పోగుల్లాంటి నాచు వలను పట్టుకుని పెరుగుతుంది. వారానికో రెండు వారాలకో గీకి తీసేస్తే సరి, వలపై మిగిలిన మొదళ్ల నుంచి మళ్లీ చిగురిస్తుంది. కోత విషయంలో దీనికి పోటీ లేదు. అయితే దీనికి చిక్కటి మురుగు సరిపడదు, వెలుతురు అందదు. ఎరువుల అవశేషాలు చేరిన నదులకు, సరస్సులకు, ఒకసారి శుద్ధయిన నీటికి ఇది తగినది.

ఈ రెంటినీ 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ ప్రకటించిన చైతన్య బురద పద్ధతి (బ్యాక్టీరియా నిండిన బురదను మురుగులో కలిపి గాలి ఊదే పద్ధతి) పక్కన కూడా నిలబెట్టాలి. అది గంటల్లో చేసే పనికి నాచు చెరువుకు రోజులు పడుతుంది, స్థలమూ ఎన్నో రెట్లు కావాలి. రాత్రి, చలికాలం బురద పద్ధతిని అంతగా ఇబ్బంది పెట్టవు. కాకపోతే అలాంటి కేంద్రం వాడే కరెంటులో దాదాపు సగం గాలి ఊదడానికే పోతుంది.

నా ఓటు ఇలా: స్థలం కరువైన నగరపు మురుగుకు బురద పద్ధతే. ఎండ, ఖాళీ నేల పుష్కలంగా ఉండి కరెంటు భారమైన చిన్న ఊళ్లకు ఆస్వాల్డ్ చెరువు, కోతకు ఏర్పాటు ముందే చేసుకుంటేనే. పాచిపట్టిన సరస్సుకు వల.

ఫ్యాక్టరీల నీటి సంగతి వేరు. సీసం, కాడ్మియం వంటి లోహాలను నాచు కణాల గోడలు బాగానే పట్టుకుంటాయి. కానీ ఆ తర్వాత ఆ నాచే విషవ్యర్థం అవుతుంది, పొలానికీ పశువుకూ పనికిరాదు. అలాంటి పథకంలో నాచును ఎరువుగా అమ్మి ఖర్చు రాబట్టుకుంటామని రాసి ఉంటే, ఆ పద్దు కొట్టేసి మిగతా లెక్క చూడండి.