మరబోటు బీమా: తొమ్మిదిసార్లు ప్రీమియం కట్టాక నాకు నచ్చిన ఒకే ఒక్క క్లాజు

బోటు బీమా అంటే అప్పిచ్చిన బ్యాంకు మనశ్శాంతి కోసం మనం కట్టే చందా అని చాలాకాలం అనుకున్నాను. 2022 జూలై దాకా ఎవరడిగినా అదే చెప్పేవాడిని. ఇప్పుడు అలా చెప్పను. బీమా మొత్తం మీద ప్రేమ పుట్టిందని కాదు. పాలసీలో ఒక్క క్లాజు మీద మాత్రం తగని అభిమానం ఏర్పడింది. దాని పేరు సూ అండ్ లేబర్. ఏజెంటు ఏనాడూ దాని ఊసెత్తలేదు. నేనూ ఆరేళ్లపాటు చదవలేదు. 'సూ' అంటే దావా వేయడమే కదా, ఇదేదో కోర్టు వ్యవహారమనుకుని పేజీ తిప్పేసేవాడిని. అసలు సంగతి వేరు. ప్రమాదంలో పడిన బోటును దక్కించుకోవడానికి యజమాని పడే పాట్లు, వాటికయ్యే ఖర్చు గురించి చెప్పే క్లాజు అది.

మాది కాకినాడ. నేను బడిపంతులిని, బోటు నడిపేది మా తమ్ముడు. 2016లో ఇద్దరం కలిసి 48 అడుగుల చెక్క మరబోటు కొన్నాం. కొత్తది కాదు, చేతులు మారి వచ్చినదే. బ్యాంకు బీమా ఉండాలంది. ఏజెంటు రెండు రకాలు చెప్పాడు. బోటు మొత్తం పోతేనే డబ్బిచ్చేది ఒకటి, చిన్నాపెద్దా దెబ్బలకు కూడా ఇచ్చేది ఇంకొకటి. మొదటిదాని ప్రీమియం సగానికి సగం తక్కువ. బ్యాంకుకు కావలసింది కాగితమే కాబట్టి చవకది తీసుకున్నాం. మొదటి రెండేళ్లు అది ఎంతో తెలివైన పని అనిపించింది, నలుగురికీ సలహా కూడా ఇచ్చాను.

2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. మా బోటు వేటలో లేదు, జెట్టీలో కట్టేసి ఉంది. పక్క బోటు మోకు తెంచుకుని రాత్రంతా మాదాన్ని గుద్దింది. తెల్లారేసరికి ఎడమవైపు ఏడు పలకలు పగిలి ఉన్నాయి. బోటు మునగలేదు కాబట్టి పాలసీ ప్రకారం మాకు నష్టమే జరగలేదు! ఆ లక్షా నలభై వేలు మా జేబులోంచే పోయాయి. మరుసటి ఏడాది పెద్ద పాలసీకి మారాం. మునిగిపోయే బోట్లకన్నా దెబ్బతిని తేలుతూ ఉండే బోట్లే ఎక్కువని జెట్టీలో పదిరోజులు తిరిగితే ఎవరికైనా అర్థమవుతుంది. నాకు మాత్రం లక్షా నలభై వేలు ఖర్చయ్యాక అర్థమైంది.

ఇక అసలు కథ. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. ఆ వరద సముద్రంలో కలిశాక చాలా రోజులు గౌతమి పాయ సముద్రంలో కలిసే మొగ ఎదుట నీళ్లు ఎర్రగానే ఉన్నాయి. పైనుంచి తాటి మొద్దులు, వేళ్లతో సహా పెకలించుకొచ్చిన చెట్లు, సగం నీట మునిగి సగం తేలుతూ తిరిగేవి. పగలైతే కనిపిస్తాయి. మా తమ్ముడి బోటుకు తగిలింది రాత్రి రెండు గంటలకు. వేట ముగించుకుని తిరిగొస్తున్నారు. పెద్ద చప్పుడు, ఆ వెంటనే బోటంతా ఒణుకు. ఇంజను ఆపి లైటు వేసి చూస్తే వెనకాల మాను ఒకటి బొర్లుతూ పోతోందట. ప్రొపెల్లర్ రెక్క వంగింది, దాన్ని తిప్పే షాఫ్టు వంగింది. షాఫ్టు బయటికి వెళ్లే గొట్టం దగ్గర నీళ్లు లోపలికి రావడం మొదలైంది.

పంపు తోడేదానికన్నా వచ్చే నీరు ఎక్కువ. బోటులో పనిచేసే ఇద్దరు కలాసీలు పాత లుంగీలు చింపి, గ్రీజు పూసి, స్క్రూడ్రైవరుతో ఆ సందులోకి కుక్కారు. మిగతావాళ్లు బకెట్లతో తోడారు. వీహెచ్‌ఎఫ్ రేడియోలో పిలిస్తే భైరవపాలెం వాళ్ల బోటు ఒకటి పలికింది. వాళ్లు వలవేసి ఉన్నారు. వల ఎత్తేసి మమ్మల్ని కాకినాడ దాకా లాగాలంటే వేట పోతుంది, డీజిల్ అవుతుంది. లక్ష అడిగారు. మా వాడు బేరమాడి ఎనభై వేలకు ఒప్పించాడు. బోటులో మోకాలి లోతు నీళ్లు పెట్టుకుని బేరమాడినవాడు మా ఇంట్లో ఇంకెవరూ లేరు. గంటకు మూడు మైళ్ల చొప్పున పది గంటలు లాగి, మధ్యాహ్నం దాటాక జెట్టీకి చేర్చారు.

మాకు కలిసొచ్చింది ఇక్కడే. అవతలి బోటు నడిపే సరంగు మా తమ్ముడి మాట నమ్మలేదు. డబ్బు చేతికొచ్చేదాకా కాగితం రాసివ్వమన్నాడు. ఐసు ఫ్యాక్టరీ బిల్లు వెనక్కి తిప్పి, పెన్సిలుతో రాశారు: ఫలానా తేదీన, ఫలానా చోటు నుంచి, మా బోటును కాకినాడకు లాగినందుకు ఎనభై వేలు బాకీ. కింద రెండు సంతకాలు, ఒక వేలిముద్ర. కాగితం నిండా చేపల జిగురు. తర్వాత డబ్బిచ్చి, "ముట్టింది" అని దాని మీదే రాయించుకుని, ఆ కాగితాన్ని నేను దాదాపు పారేయబోయాను.

నష్టం లెక్కకట్టడానికి బీమా కంపెనీ తరఫున సర్వేయరు నాలుగో రోజున వచ్చాడు. వంగిన రెక్కను కొలిచాడు, ఫొటోలు తీశాడు. బోటు రిజిస్ట్రేషను, సరంగు కాగితాలు అడిగాడు. జీపీఎస్‌లో ఆ రాత్రి తిరిగిన దారి చూపించమన్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వలవేయకూడదు. ఆ హద్దు లోపల దొరికి ఉంటే కథ ఇంకోలా ఉండేదని అతను అనలేదు గానీ, మ్యాపును చాలాసేపు పెద్దది చేసి చూశాడు. అన్నీ అయ్యాక చెప్పులు వేసుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు.

"ఇంతకీ ఒడ్డుకు ఎలా వచ్చారు మాస్టారూ?"

"వేరే బోటు లాక్కొచ్చిందండీ."

"ఊరికే లాగారా?"

"ఊరికే ఎవరు లాగుతారండీ? ఎనభై వేలు ఇచ్చాం."

"మరి క్లెయిములో రాయలేదేం? కాగితం ఉందా?"

ఐసు బిల్లును అతను రెండు వేళ్లతో పట్టుకుని, ముక్కు కొంచెం వెనక్కి పెట్టి చదివాడు. తర్వాత పాలసీ ఏడో పేజీ తీసి నాకు చూపించాడు. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని మొదటిసారి ఆ పేజీ పూర్తిగా చదివాను. 1963 నాటి సముద్ర బీమా చట్టం కూడా వెతికి చదివాను. అందులో 78వ సెక్షను ఈ సంగతే చెబుతుంది. కాపాడే ఖర్చును బీమా ఒప్పందానికి అదనపు ఒప్పందంగా చూస్తారు. కాపాడాలని ఖర్చుపెట్టినా బోటు దక్కకుండా పోతే, మొత్తం నష్టం సొమ్ము ఇచ్చాక కూడా ఈ ఖర్చు వేరుగా రాబట్టుకోవచ్చు. ఇంకో ముక్క కూడా అదే సెక్షనులో ఉంది: నష్టం జరగకుండా, పెరగకుండా చూడటం యజమాని బాధ్యత. అంటే బీమా ఉంది కదా అని బోటును వదిలేసి దిగిపోతే తప్పు మన మీదికే వస్తుంది. ఆ లుంగీ పీలికలు కూడా చట్టం చెప్పిన పనే అన్నమాట.

ముందే రేటు మాట్లాడుకుని లాగించుకోవడం వేరు, ఎవరో తమంతట తాము వచ్చి రక్షించి తర్వాత ప్రతిఫలం అడగడం వేరు. రెండోది సాల్వేజి కింద వేరే లెక్కలోకి పోతుంది. కాబట్టి ఆ పెన్సిలు కాగితంలో ఒప్పుకున్న రేటు ఉండటం చాలా ఉపకారం చేసింది. మా మీద నమ్మకం లేక రాయించుకున్న కాగితమే మాకు డబ్బు తెచ్చిపెట్టింది.

ఇంత పొగిడాను గనుక ఎంత చేతికొచ్చిందో కూడా చెప్పాలి. మరమ్మతుకు రెండు లక్షల నలభై వేలు అయ్యింది. షాఫ్టు బేరింగు, ప్యాకింగు వాడకంలో అరిగినవే, మాను తగలకపోయినా మార్చాల్సినవే అని 36 వేలు తీసేశారు. నిజం చెప్పొద్దూ, అవి అరిగి ఉన్న మాట వాస్తవమే. పాత వస్తువు స్థానంలో కొత్తది వేశారని ఇంకో 44 వేలు తగ్గించారు. మిగిలింది లక్షా అరవై వేలు. అప్పుడు వచ్చింది అసలు దెబ్బ. బోటు విలువ 24 లక్షలని సర్వేయరు తేల్చాడు, నేను బీమా చేసింది 18 లక్షలకు. ప్రీమియం తగ్గుతుందని ఏటా ఆ అంకెను నేనే అలా ఉంచాను. తక్కువకు బీమా చేస్తే మిగిలిన భాగానికి యజమానే తనకు తాను బీమా కంపెనీ, అదీ చట్టంలోనే ఉంది. కాబట్టి నాలుగో వంతు పోయి లక్షా ఇరవై వేలైంది. లాగుడు ఖర్చు మీద కూడా అదే కోత, ఎనభై అరవై అయ్యింది. మొత్తం మీద ఒకసారి, యజమానే భరించాల్సిన వాటా అయిన ఎక్సెస్ కింద 18 వేలు తీసి, లక్షా అరవై రెండు వేలు ఇచ్చారు. మేం ఖర్చుపెట్టింది మూడు లక్షల ఇరవై వేలు. బోటు లాగినవాళ్లకు మా అమ్మ కోడికూర వండి పెట్టిన ఖర్చు కలపకుండా. డబ్బు ఏడు నెలలకు వచ్చింది. కుళ్లిపోయిన చేపలకూ, వేటకు వెళ్లని 23 రోజులకూ ఏమీ రాలేదు, పాలసీలో అవి లేనే లేవు.

ఆ క్లాజు మీద నా అభిమానంలో కొంత భాగం సర్వేయరుకు చెందాలి కూడా. అతను చెప్పులు వేసుకుంటూ ఆ ప్రశ్న అడగకపోతే అరవై వేలు ఉన్నాయని నాకు తెలిసేది కాదు. అడగని సర్వేయరు వచ్చి ఉంటే ఈ సమీక్ష మరో రకంగా ఉండేది.

అప్పటి నుంచి 24 లక్షలకే చేస్తున్నాను. విలువను ముందే ఇద్దరూ ఒప్పుకుని పాలసీలో రాసుకునే పద్ధతి ఒకటుంది. అలా రాస్తే ప్రమాదం తర్వాత విలువ మీద వాదన ఉండదు. మా కంపెనీ పాత చెక్క బోట్లకు అది ఇవ్వనంది. అందుకని వాల్యుయరు సర్టిఫికెట్టు తీసుకుని దరఖాస్తుతో జతచేస్తున్నాను. అది ఎంతవరకు నిలబడుతుందో ఇంకో మాను తగిలితే గానీ తేలదు, తగలక్కర్లేదు.

తమ్ముడితో మాత్రం ఏటా గొడవే. "ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 61 రోజులు బోటు కదలదు. ఆ రెండు నెలలకు ప్రీమియం ఎందుకు అన్నయ్యా?" అంటాడు. బోటు కదలకుండా కట్టేసి ఉన్న కాలానికి ప్రీమియంలో కొంత వెనక్కి ఇచ్చే పాలసీలు ఉన్నాయి, మాది అలాంటిది కాదు. కానీ పెథాయ్ రాత్రి బోటు కట్టేసే ఉంది కదా! 2022లో అసని తుపాను వచ్చింది కూడా మే నెలలోనే, నిషేధం మధ్యలో. బోట్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఒకేచోట ఉండే రోజులవి. నిప్పు అంటుకున్నా అంతే. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బరులో ఒక్క రాత్రిలో నలభై దాకా బోట్లు కాలిపోయాయి.

దానికీ వాడి దగ్గర జవాబుంది. "అక్కడ ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం ఇస్తానంది. బీమా నీకు ఎంత ఇచ్చింది? సగం." ఈ మాటకు నా దగ్గర గట్టి జవాబు లేదు. ఊరంతా చూసిన మంటకు ప్రభుత్వం వచ్చింది. అర్ధరాత్రి నడిసముద్రంలో ఒక్క బోటుకు మాను తగిలితే ఎవరొస్తారని మాత్రం అంటాను. వాడు ఊరుకుంటాడు, ఒప్పుకోడు.

కలాసీల సంగతి ఈ పాలసీతో కలపకండి. మత్స్యసంపద యోజనలో వాళ్లకు వేరే ప్రమాద బీమా ఉంది, ప్రాణం పోయినా శాశ్వతంగా పనిచేయలేకపోయినా 5 లక్షలు. పేర్లు నమోదయ్యాయో లేదో ప్రతి సీజను ముందు చూసుకోవాలి, మనుషులు మారుతుంటారు.

కొనమంటానా అంటే, నాకు నెల జీతం ఉంది. ఏడు నెలలు ఆగగలిగాను, ఎనభై వేలు చేబదులు తెచ్చి ఇవ్వగలిగాను. వేట మీదే బతికే ఇంట్లో ఆ ఏడు నెలలు ఎలా గడుస్తాయో చెప్పలేను. చిన్న ఫైబరు తెప్ప, అవుట్‌బోర్డు ఇంజను ఉన్నవాళ్లకు ఇంత పెద్ద పాలసీ దండగేనేమో. అప్పు మీద చెక్క బోటు నడిపేవాళ్లయితే, చవక పాలసీ తీసుకునే ముందు జెట్టీలో పలకలు పగిలిన బోట్లు ఎన్నున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి.

ఐసు బిల్లు అనుభవం తర్వాత కార్బను పేపరు ఉన్న రసీదు పుస్తకం ఒకటి కొని, ప్లాస్టిక్ సంచిలో చుట్టి బోటు క్యాబిన్‌లో పెట్టించాను. లాగుడు రేటు, తేదీ, చోటు రాసుకోవడానికి అని తమ్ముడికి రెండుసార్లు చెప్పాను. మొన్న దీపావళికి జెట్టీకి వెళ్లి తీసి చూశాను. మొదటి నాలుగు పేజీల్లో డీజిల్ లెక్కలు, అయిదో పేజీలో ఎవరికో ఇచ్చిన మూడు వందల చేబదులు. మిగతావన్నీ ఖాళీగానే ఉన్నాయి.