చతుచక్కా, ప్రతూనామా? బ్యాంకాక్‌లో ఎక్కడ కొనాలి, ఎలా తిరగాలి

బ్యాంకాక్ వెళ్తున్నామని ఎవరికైనా చెప్తే చాలు, అడక్కుండానే సలహాలు వచ్చిపడతాయి. చతుచక్ చూడకపోతే వెళ్లడమే దండగని ఒకరంటారు. ప్రతూనామ్‌లో దొరికినంత చవక ఇంకెక్కడా లేదని మరొకరంటారు. ఇద్దరి మాటా నిజమే. కాకపోతే ఇద్దరూ ధర గురించే చెప్తారు గానీ, రెండు చేతులా సంచులు వేలాడేసుకుని మళ్లీ హోటల్‌కి ఎలా చేరారో చెప్పరు. వెళ్లేటప్పుడు ఎవరైనా ఎలాగైనా వెళ్తారు. ఏ బజారు మేలో తేల్చేది మాత్రం తిరుగు ప్రయాణమే అంటాను నేను.

ముందు చతుచక్ సంగతి చూద్దాం. అది ప్రధానంగా శని, ఆదివారాల సంత. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఉంటుంది. బుధ, గురువారాల్లో వెళ్తే మొక్కలు తప్ప పెద్దగా ఏమీ కనిపించవు. అందుకే మీ ప్రయాణంలో వారాంతం లేకపోతే ఈ చర్చే అక్కర్లేదు, ప్రతూనామ్ పేరా దగ్గరికి వెళ్లిపోండి. వారాంతం ఉంటే మాత్రం 27 సెక్షన్లు, 15,000కు పైగా దుకాణాలు మీ కోసం ఎదురుచూస్తుంటాయి. ఒక్క రోజులో మొత్తం చూసేద్దామనే ఆశ గేటు దగ్గరే వదిలేయండి.

అక్కడ నిజంగా కొనదగ్గవి బట్టలు కావు. పింగాణీ గిన్నెలు, దీపాలు, చెక్క సామాను, తోలు సంచులు, పాత జీన్స్, కుర్రాళ్లు సొంతంగా బొమ్మలు గీసి అచ్చేసిన టీషర్టులు, ఇలాంటివి ఊళ్లో ఇంకెక్కడా ఇంత వెరైటీగా ఒకేచోట దొరకవు. ఏనుగుల బొమ్మల ప్యాంట్లు, మామూలు టాపులు అయితే ఊరంతా అవే. వాటికోసం రేకుల కప్పుల కింద ఉడికిపోవాల్సిన పని లేదు. ఏప్రిల్‌లో అయితే మధ్యాహ్నం పన్నెండు దాటాక లోపలి సందుల్లో గాలి ఆడదు. తొమ్మిదిన్నరకల్లా అక్కడుండి, ఎండ ముదిరేలోపు బయటపడటమే తెలివైన పని.

చతుచక్‌లో ఒక ఇబ్బంది ఉంది. నచ్చినదాన్ని 'ఇంకో నాలుగు షాపులు చూసొచ్చి తీసుకుందాం' అనుకున్నారంటే అంతే, ఆ షాపు మళ్లీ కనబడదు. ప్రతి సందు మొదట్లో సెక్షన్ నంబరు, సోయ్ (సందు) నంబరు రాసి ఉంటాయి. షాపు ముందు నిలబడి ఆ బోర్డును ఫోన్‌లో ఫొటో తీసుకోండి. నలుగురు కలిసి వెళ్తే తప్పిపోవడం ఖాయం కాబట్టి, మధ్యలో ఉన్న గడియార స్తంభం దగ్గర ఎన్నింటికి కలవాలో ముందే చెప్పుకోండి.

వెళ్లడానికి అందరూ స్కైట్రైన్‌లో, అంటే స్తంభాల మీద నడిచే రైల్లో, మో చిత్ స్టేషన్‌కే వెళ్తారు. దిగగానే జనం ప్రవాహంలా సాగుతుంటారు, దారి వెతుక్కోనక్కర్లేదు. కానీ భూగర్భ మెట్రోలో కంఫెంగ్ ఫెట్ స్టేషన్‌కి వెళ్లి రెండో గేటు నుంచి పైకొస్తే సరాసరి సంత పక్కనే తేలతారు. వచ్చేటప్పుడు సంచులతో ఎక్కువ దూరం నడవక్కర్లేదు, అందుకే నా ఓటు దానికే. పింగాణీ లాంటి బరువైనవి కొంటే పార్శిల్ చేసి విదేశాలకు పంపే ఏజెంట్లు సంతలోనే ఉన్నారు. కాకపోతే ఆ ఖర్చు కూడా కలిపి చూస్తే చవక చవకగా మిగలదు.

ఇక ప్రతూనామ్. ఇది రోజూ ఉంటుంది, బట్టలకే పుట్టినట్టుంటుంది. ఇందులో రెండు ప్రపంచాలున్నాయి. ఒకటి ప్లాటినమ్ ఫ్యాషన్ మాల్: ఏసీ, ఎస్కలేటర్లు, అంతస్తు అంతస్తుకీ అగ్గిపెట్టెల్లాంటి చిన్న దుకాణాలు, మొత్తం రెండు వేలకు పైనే. రెండోది రోడ్డు దాటితే బైయోక్ టవర్ నీడలో ఉన్న పాత బజారు. అక్కడ ఏసీ లేదు, బేరం ఉంది. ప్లాటినమ్‌లో బేరం కన్నా లెక్క ముఖ్యం. చాలాచోట్ల ఒక్కటి తీసుకుంటే ఒక ధర, మూడు తీసుకుంటే టోకు ధర. ఆ మూడూ ఒకే రకం అయి ఉండాలా, రంగులూ డిజైన్లూ మార్చుకోవచ్చా అన్నది షాపును బట్టి ఉంటుంది. ముందే అడగండి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి ఒకే షాపులో తీసుకుంటే అందరికీ టోకు ధరే పడుతుంది. ఆడవాళ్లు ఒక జట్టుగా వెళ్తే ప్లాటినమ్‌ను మించింది లేదని చెప్పడానికి నాకేం సందేహం లేదు.

బేరం ఎలా జరుగుతుందంటే, నోటితో మాట్లాడే పనే తక్కువ. అమ్మే అమ్మాయి క్యాలిక్యులేటర్ మీద 250 (బాట్లు, అంటే థాయ్ డబ్బు) కొట్టి మీ వైపు తిప్పుతుంది. మీరు 150 కొట్టి ఆమె వైపు తిప్పుతారు. ఆమె గుండె మీద చెయ్యేసుకుని నవ్వి 200 కొడుతుంది. మూడు తీసుకుంటానని వేళ్లు చూపిస్తే అంకె ఇంకాస్త దిగుతుంది. ఉదయాన్నే వెళ్తే ఇంకో లాభం ఉంది, మనకు లాగే వాళ్లకూ బోణీ పట్టింపు ఉంటుంది. మొదటి బేరం తెగగానే మీరిచ్చిన నోటుతో హ్యాంగర్లకున్న బట్టలన్నిటినీ తడుతూ ఒక చుట్టు తిరుగుతారు. బోణీ చెడగొట్టుకోవడం ఇష్టం లేక ఆ సమయంలో ధర దగ్గర పెద్దగా పట్టుబట్టరు.

సైజు దగ్గర మాత్రం జాగ్రత్త. చాలా షాపుల్లో తొడిగి చూడనివ్వరు. 'ఫ్రీ సైజ్' అని రాసినవి థాయ్ ఒంటి కొలతకు కుట్టినవి, మనవాళ్లలో చాలామందికి భుజాల దగ్గర బిగుస్తాయి. సరిగ్గా పట్టే ఒక టాపు కొలతలు ఇంటి దగ్గరే ఫోన్‌లో రాసుకుని వెళ్తే, టేపు అడిగి కొలుచుకోవచ్చు. కొన్నాక మార్చివ్వడం, వాపసు తీసుకోవడం అనే మాటే ఉండదు.

ఇప్పుడు నేను మొదట అన్న తిరుగు ప్రయాణం దగ్గరికి వద్దాం. ప్రతూనామ్ గెలిచేది ఇక్కడే. ప్లాటినమ్ నుంచి చిత్ లోమ్ స్కైట్రైన్ స్టేషన్ దాకా రోడ్డు మీద కాలు పెట్టక్కర్లేకుండా పైనుంచే నడక వంతెన ఉంది. వానొచ్చినా, కింద ట్రాఫిక్ స్తంభించినా మీకేం పట్టదు. హోటల్ కూడా ప్రతూనామ్‌లోనే తీసుకుంటే ఇంకా మేలు. రెండు గంటలు కొని, సంచులు గదిలో పడేసి, కాసేపు నడుం వాల్చి మళ్లీ బయల్దేరవచ్చు. చతుచక్‌లో ఈ సౌకర్యం లేదు. పొద్దున కొన్న దీపం సాయంత్రం దాకా మీ చేతిలోనే ఉంటుంది.

సంపెంగ్ గురించి కూడా చెప్పాలి. చైనాటౌన్‌లో ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవడానికే ఇరుకైన సందు అది, దాంట్లోనే తోపుడు బళ్లూ మోటారుసైకిళ్లూ దూసుకొస్తుంటాయి. క్లిప్పులు, కీచెయిన్లు, పూసలు, పర్సులు డజన్ల లెక్కన అమ్ముతారు. ఆఫీసులో అందరికీ తలా ఒకటి పంచాలంటే దీన్ని మించింది లేదు. పక్కనే ఫహురత్‌లో బట్టల తానులు ఉంటాయి, అయితే మన దగ్గర దొరికే రకాలే ఎక్కువ కాబట్టి నేను దాన్ని వదిలేయమంటాను. 2019లో మెట్రో వాత్ మంగ్కోన్ దాకా వచ్చాక సంపెంగ్ చేరడం సులువైంది. సాయంత్రం అయిదు దాటేసరికి షట్టర్లు దిగడం మొదలవుతుంది, పొద్దున్నే వెళ్లండి. ఎంబీకే మాల్‌లో ఫోన్ కవర్లు, చార్జర్లు తప్ప పనిగట్టుకుని వెళ్లి కొనాల్సినవేం లేవు.

తిరగడానికి ఏది మేలు? 1999లో మొదలైన స్కైట్రైన్, 2004లో వచ్చిన భూగర్భ మెట్రో వేర్వేరు సంస్థలవి. ఒకదాని టికెట్ ఇంకోదాంట్లో చెల్లదు. ఇది తెలియక చాలామంది స్కైట్రైన్ ఒకరోజు పాస్ కొనేసి మెట్రో గేటు దగ్గర బిక్కమొహం వేస్తారు. ఆ పాస్ ధర 150 బాట్ల దాకా ఉంటుంది. విడి టికెట్లు 17 బాట్ల నుంచి మొదలై దూరాన్ని బట్టి పెరుగుతాయి. బజార్ల కోసం తిరిగేవాళ్లు రోజుకు రెండు మూడు సార్లు, అదీ దగ్గర దగ్గర స్టేషన్లకే ఎక్కుతారు కాబట్టి పాస్ డబ్బులు రాబట్టుకోవడం కష్టం. గుళ్లూ పార్కులూ అంటూ ఊరు ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగేవాళ్లకే అది లాభం. భూగర్భ మెట్రో గేట్ల దగ్గర కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్‌కార్డ్‌లు ఆనిస్తే చాలు, టికెట్ క్యూలో నిలబడక్కర్లేదు.

ఒక్కరో ఇద్దరో అయితే రైలు. నలుగురూ, ఎనిమిది సంచులూ అయితే టాక్సీయే. నాలుగు రైలు టికెట్లకయ్యే డబ్బుతో రెండు మూడు కిలోమీటర్లు టాక్సీలో హాయిగా వెళ్లిపోవచ్చు, మీటరు 35 బాట్లతో మొదలవుతుంది. కానీ ఆ లెక్క రోడ్డు ఖాళీగా ఉంటేనే. బండి కదలకపోయినా మీటరు తిరుగుతుంది. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది మధ్య ప్రతూనామ్ కూడలిలో టాక్సీ ఎక్కడమంటే డబ్బులిచ్చి ఇరుక్కోవడమే. మాల్ ముందు ఆగి ఉన్న టాక్సీవాళ్లు మీటరు వేయకుండా 'రెండొందలు, మూడొందలు' అంటారు. వాళ్లతో వాదన వద్దు. నాలుగడుగులు ముందుకెళ్లి, నడుస్తున్న బండిని చెయ్యెత్తి ఆపండి, ఎక్కేముందు 'మీటర్?' అని అడగండి. ఊబర్ లాంటి గ్రాబ్ యాప్‌లో ధర ముందే తెలుస్తుంది గానీ రద్దీవేళ అదీ చెట్టెక్కుతుంది.

ఆ రద్దీవేళకు అందరూ మర్చిపోయే మార్గం ఒకటుంది: సేన్ సేప్ కాలువ పడవ. ప్లాటినమ్ పక్కనే రేవు ఉంది. ఇరవై బాట్లకు అటూ ఇటూగా ఉండే టికెట్‌తో, పైన వంతెనల మీద కార్లు బారులు తీరి నిలబడి ఉండగా మీరు కిందనుంచి సర్రున వెళ్లిపోతారు. నీళ్లు చిమ్మకుండా పక్కన కూర్చున్నవాళ్లు తాడు లాగి ప్లాస్టిక్ పట్టాను పైకెత్తుతుంటారు. హెల్మెట్ పెట్టుకున్న కండక్టర్ పడవ అంచు మీద నడుస్తూ డబ్బులు వసూలు చేస్తాడు. పడవ రేవుకు తగిలీ తగలకముందే దిగాలి, ఎక్కాలి. అందుకే పెద్దవాళ్లతోనో పెద్ద మూటలతోనో వద్దు. ఖాళీ చేతులతో ప్రతూనామ్ చేరడానికి మాత్రం దీనికి సాటి లేదు.

తుక్‌తుక్ (అక్కడి ఆటో) సరదాకు ఒకసారి ఎక్కండి. చవకని ఎక్కితే మాత్రం మోసపోతారు. 'ఇవాళ గుడి మూసేశారు, ఇరవై బాట్లకే ఊరంతా తిప్పుతా' అన్నవాడు మిమ్మల్ని తీసుకెళ్లేది దర్జీ దుకాణానికీ, రత్నాల షాపుకే. అక్కడ వాడికి కమీషన్ ఉంటుంది.

మాల్స్‌లో బ్రాండెడ్ సామాను కొనే ఆలోచన ఉంటే ఇంకో లెక్క ఉంది. పర్యాటకులకు వ్యాట్ వాపసు అనే బోర్డున్న షాపులో ఒకే రోజు కనీసం 2,000 బాట్ల సరుకు కొని పాస్‌పోర్ట్ చూపిస్తే ఫారం రాసిస్తారు. పన్ను ఏడు శాతం, అందులో రుసుము పోగా మిగిలింది విమానాశ్రయంలో తిరిగొస్తుంది. కస్టమ్స్ వాళ్లకు సామాను చూపించాల్సి వస్తే ఆ పని చెక్-ఇన్‌కు ముందే కావాలి, పెట్టె బెల్టు మీద వెళ్లిపోయాక ఎవరూ ఏం చేయలేరు. సంతల్లో ఇవేవీ ఉండవు, నోట్లే నడుస్తాయి. డబ్బులు మార్చుకోవడానికి విమానాశ్రయంలోని పై అంతస్తుల కౌంటర్ల కన్నా ప్రతూనామ్ చుట్టుపక్కల మార్పిడి దుకాణాల్లో రేటు బాగుంటుంది. దిగిన రోజు టాక్సీకి, భోజనానికి సరిపడా మాత్రమే విమానాశ్రయంలో మార్చుకోండి.

మీ ప్రయాణం శుక్రవారం నుంచి మంగళవారం దాకా అనుకుంటే, నేనైతే శనివారం పొద్దున చతుచక్‌లో ఇంటి అలంకరణ సామాను కొంటాను. ఆదివారం ఊరు చూసి, సోమవారం పూర్తిగా ప్రతూనామ్‌కి ఇస్తాను. అప్పటికి పెట్టెలో ఎంత చోటు మిగిలిందో తెలుస్తుంది. మంగళవారం విమానం సువర్ణభూమి నుంచైతే ప్రతూనామ్ దగ్గర్లోని రచ్చప్రారోప్ స్టేషన్‌లో ఎయిర్‌పోర్ట్ రైలెక్కితే 45 బాట్లలోపే సరాసరి టెర్మినల్ కింద దిగుతారు. ఇంకో విమానాశ్రయం డాన్ మువాంగ్ నుంచైతే ఆ రైలు అటు వెళ్లదు, పెట్టెలతో టాక్సీయే నయం.