ఈస్ట్రడయోల్ జెల్‌తో మూడేళ్లు: చెమట తగ్గింది, నడుము తగ్గలేదు

2020లో దసరా వెళ్లిన వారం. గుంటూరులో మా బ్యాంకు బ్రాంచి గుమ్మం దగ్గర గార్డు అందరి నుదుటికీ జ్వరం తుపాకీ గురిపెట్టి లోపలికి పంపుతున్న రోజులు. నా వంతు వచ్చేసరికి గుండెల మీద ఎవరో కుంపటి రాజేసినట్లు వేడి మొదలై మెడ, చెవులు, నడినెత్తి దాకా పాకింది. జాకెట్టు వీపంతా తడిసిపోయింది. గార్డు రెండడుగులు వెనక్కి వేసి మళ్లీ కొలిచాడు. 97.8. మూడోసారీ అంతే. ఆ రోజు కౌంటర్లో నోట్లు లెక్కపెడుతుంటే వేళ్ల చెమటకు రెండేసి అతుక్కుని వచ్చాయి. సాయంత్రం లెక్క చూస్తే ఐదువందలు తక్కువ. నా చేతి డబ్బు కట్టాను. పెరిమెనోపాజ్ (నెలసరి పూర్తిగా ఆగిపోయే ముందు సాగే మార్పుల కాలం) పద్దు కింద నేను పెట్టిన మొదటి ఖర్చు అదే అని రెండేళ్ల తర్వాత గానీ తెలియలేదు.

అప్పటికి నాకు 44. అడిగిన ప్రతివాళ్లూ ఒకే మాట అన్నారు: "ఒంటికి వేడి చేసింది." గుంటూరు వాళ్లం కదా, పచ్చళ్లూ మిరపకాయలూ మానేయమన్నారు. మానేశాను. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, పలచటి మజ్జిగ, రాత్రిపూట అరికాళ్లకు ఆముదం. ఇవేవీ చెడ్డవి కావు, పైగా మజ్జిగ నాకు ఎప్పుడూ ఇష్టమే. కానీ ఆ వేడి ఈ వేడి కాదు. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను ఒక వారం పైకి, ఒక వారం కిందికి ఊగుతుంటే మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే భాగం అతి సున్నితంగా మారుతుందని తర్వాత డాక్టరమ్మ చెప్పారు. పాత ఇస్త్రీ పెట్టెలో తిప్పే మీట పాడైతే కొంచెం వేడికే టక్కున ఆగిపోతుంది చూడండి, అలా ఒంటి వేడి పిసరంత పెరిగినా శరీరం కంగారుపడి చెమట పట్టించేస్తుందట.

మా అమ్మ మాత్రం "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివే అమ్మాయీ, పనిలో పడితే తెలిసేది కాదు" అంది. నేను డిగ్రీ చదివే రోజుల్లో అమ్మ ధనుర్మాసపు చలిలో కూడా వసారాలో గచ్చు మీద పడుకునేది. మంచం మీద వెన్ను పట్టేస్తోందని చెప్పేది. ఆ సంగతి గుర్తుచేస్తే కాసేపు మాట్లాడలేదు. "తడి గుడ్డ తల కింద పెట్టుకునేదాన్ని" అంది చివరికి.

వేడి ఆవిర్లు ఒక్కటే అయితే ఓర్చుకునేదాన్నేమో. నెలసరి 28 రోజుల నుంచి 22 రోజులకు దగ్గరపడింది, తర్వాత రెండు నెలలు కనిపించకుండా పోయి, వచ్చినప్పుడు గంటకో ప్యాడ్ మార్చేంతగా వచ్చింది. హిమోగ్లోబిన్ 8.4కు దిగింది. తెల్లవారుజామున మూడింటికి గుండె దడదడలాడుతూ మెలకువ వచ్చేది. గుండె డాక్టరు దగ్గరికి వెళ్తే ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది, "టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. కుడి భుజం బిగుసుకుపోయి జాకెట్టు తొడుక్కోవడానికి మా అమ్మాయి సాయం కావలసి వచ్చింది. ఇరవై ఏళ్లుగా వస్తున్న ఖాతాదారు పేరు నోటి చివర ఆగిపోయేది. ఒక్కో బాధకు ఒక్కో డాక్టరు, ఒక్కో ఫైలు. అన్నింటినీ కలిపి చూసిన వాళ్లు లేరు. మధ్యలో సోయా ఐసోఫ్లేవోన్ బిళ్లలు నాలుగు నెలలు వాడాను. నాకు తేడా తెలియలేదు.

రక్తస్రావం కోసం వెళ్లిన మొదటి గైనకాలజిస్టు స్కానింగు చూసి, రెండు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ (కాన్సర్ కాని గడ్డ) ఉందన్నారు. ఆ తర్వాతి మాటే: "పిల్లలిద్దరూ పెద్దవాళ్లయ్యారుగా, ఇక గర్భసంచితో పనేముంది? తీయించేసుకుంటే పీడా పోతుంది." ఈ మాట మన దగ్గర ఎంత మామూలో కొత్తగా చెప్పనక్కర్లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద మూడు శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఎనిమిది శాతం దాటారు. మా వదిన వాళ్లలో ఒకరు. 38 ఏళ్లకు గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు. నాలుగైదేళ్లలో మెల్లగా రావలసిన మార్పు ఆమెకు ఒక్క రాత్రిలో వచ్చింది. ఎముకలు గుల్లబారి 52కే మణికట్టు విరిగింది. తర్వాత హార్మోను ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. నేను ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టకుండా ఇంటికి రావడానికి కారణం ధైర్యం కాదు, వదిన చెయ్యి.

2022లో విజయవాడలో మరో డాక్టరమ్మ నా ఫైళ్లన్నీ బల్ల మీద పరిచి వరుసగా చదివారు. నలభై అయిదు దాటిన మనిషికి ఈ లక్షణాలుంటే ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలను నడిపే హార్మోను) రక్తపరీక్షతో పని లేదని, ఆ అంకె ఇవాళ ఒకలా రేపు ఒకలా ఉంటుందని చెప్పారు. థైరాయిడ్ మాత్రం చూశారు, లక్షణాలు కలుస్తాయి కాబట్టి. గర్భసంచి లోపలి పొర మందం కొలిచి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. మామోగ్రామ్ చేయించారు. అన్నీ బాగున్నాయని తేలాక దారులు చెప్పారు: హార్మోను లేని మాత్రలు, రక్తస్రావానికి గర్భసంచి లోపల అమర్చే లెవోనార్జెస్ట్రెల్ హార్మోను సాధనం, లేదా చర్మానికి రాసే ఈస్ట్రోజెన్ జెల్‌తో పాటు ప్రొజెస్టరాన్ అనే మరో హార్మోను.

"కాన్సర్ వస్తుందటగా?" అన్నాను. ఆ భయం ఎక్కడ పుట్టిందో ఆవిడ విడమరచి చెప్పారు. 2002లో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. హార్మోను మాత్రలు వేసుకున్న వాళ్లలో పదివేల మందికి ఏడాదికి ఎనిమిది రొమ్ము కాన్సర్లు ఎక్కువగా కనిపించాయి. జనంలోకి ఎక్కువగా వెళ్లింది ఆ మాటే. ఆ ఆడవాళ్ల సగటు వయసు 63 అని, వాడింది గుర్రం మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్, కృత్రిమ ప్రొజెస్టిన్ కలిసిన మాత్ర అని చాలామందికి చేరలేదు. అలాగని నాకు ప్రమాదం సున్నా అని ఆవిడ అనలేదు. రెండు హార్మోన్లూ కలిపి ఏళ్ల తరబడి వాడితే రొమ్ము కాన్సర్ ప్రమాదం కొద్దిగా పెరుగుతుందని, అది వాడిన కాలాన్ని బట్టి ఉంటుందని చెప్పారు. రక్తం గడ్డకట్టే భయం మింగే ఈస్ట్రోజెన్ మాత్రతో ఉంటుంది గానీ చర్మం మీద రాసే మోతాదుతో దాదాపు కనిపించలేదన్నారు. నాకు బీపీ ఉంది, బరువూ ఎక్కువే. జెల్ వైపు మొగ్గడానికి అదొక కారణం. వారం ఆలోచించి ఒప్పుకున్నాను.

ఇక వాడకం. నాకు దొరికేది 80 గ్రాముల ట్యూబు, 0.06 శాతం ఈస్ట్రడయోల్ (ఇది ఒక రకం ఈస్ట్రోజెన్). దానితో ఒక ప్లాస్టిక్ కొలత పలక వస్తుంది. నిండు కొలత 2.5 గ్రాములు, అంటే 1.5 మిల్లీగ్రాముల మందు. మొదటి ఆరు వారాలు సగం కొలత, తర్వాత నిండుగా. నిండు కొలతతో ట్యూబు 32 రోజులు వస్తుంది. వాసన స్పిరిట్‌లా ఉంటుంది. చేయి పైభాగం మీదో తొడల మీదో పలచగా పరిచి వదిలేయాలి. నలుగు పెట్టినట్లు రుద్దకూడదు, రొమ్ముల మీద అసలు రాయకూడదు. ఆరాక బట్టలు కట్టుకోవాలి, గంటసేపు ఒళ్లు తడపకూడదు, రాసిన చోట పసిపిల్లలను ఆనించకూడదు.

వినడానికి తేలిక. మే నెల గుంటూరులో చేసి చూడండి. స్నానం చేసి తుడుచుకునే లోపే చెమట. తడి చర్మం మీద జెల్ జారిపోయి చేతికి అంటుకుంటుంది. మొదటి వేసవిలో మందు పనిచేయడం మానేసిందనుకున్నాను. పనిచేయకపోవడం కాదు, సగం మందు తువ్వాలుకు పోతోంది. అప్పటి నుంచి రాత్రి తొమ్మిదింటికి ఏసీ గదిలో పావుగంట కూర్చుని, ఒళ్లు ఆరాక తొడలకు రాస్తున్నాను. ట్యూబును ఎండల్లో ఫ్రిజ్ తలుపులో పెట్టడం ఇంకో చిక్కు తెచ్చింది. ఒకరోజు మా అత్తయ్యగారు అది నొప్పుల మందు అనుకుని రెండు మోకాళ్లకూ బాగా మర్దనా చేసుకున్నారు. "చల్లగా హాయిగా ఉందమ్మా, ఎక్కడ కొన్నావు?" అన్నారు. డాక్టరమ్మకు ఫోను చేస్తే, నవ్వాపుకుని, ఒక్కసారికి ఏమీ కాదు, సబ్బుతో కడిగేయమనండి అన్నారు. ఆ ట్యూబు మీద స్కెచ్ పెన్నుతో "మోకాళ్లకు కాదు" అని రాశాను. తర్వాత కొన్న ప్రతి ట్యూబు మీదా రాస్తూనే ఉన్నాను.

ఫలితం ఎప్పుడు కనిపించిందో నా డైరీలో ఉంది. వాడకముందు రోజుకు పన్నెండు, పదమూడు ఆవిర్లు. మూడో వారానికి ఆరు. నిండు కొలత మొదలయ్యాక రెండు నెలలకు వారానికి ఒకటో రెండో. రాత్రి దుప్పటి మార్చే పని పోయింది. తెల్లవారుజామున గుండెదడ ఎప్పుడు ఆగిందో నేను గమనించనే లేదు. మా ఆయన అన్నారు, "ఈమధ్య మూడింటికి వంటింట్లో లైటు వెలగడం లేదు" అని.

గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే లోపలి పొర మందమై కాన్సర్ దాకా పోవచ్చు. అందుకే రెండో మందు. నాకిచ్చింది 200 మిల్లీగ్రాముల మైక్రోనైజ్డ్ (సన్నటి పొడిగా చేసిన) ప్రొజెస్టరాన్, నెలలో పన్నెండు రాత్రులు. దీని గురించి ముందుగా ఎవరైనా హెచ్చరించి ఉంటే బాగుండేది. మొదటి రాత్రి వేసుకుని టీవీ ముందు కూర్చున్నాను. లేచేసరికి గోడ పట్టుకోవలసి వచ్చింది. తల బొంగరంలా తిరిగింది. ఇప్పుడు పక్క సర్దుకుని, నీళ్లు పక్కన పెట్టుకుని, అప్పుడు వేసుకుంటాను. ఆ పన్నెండు రోజులు నిద్ర గాఢంగా పడుతుంది, కానీ రొమ్ములు బరువెక్కి, కడుపు ఉబ్బి, చివరి మూడు రోజులు ఊరికే కళ్లనీళ్లు వస్తాయి. నెల మొత్తంలో నాకు నచ్చని రోజులు ఆ మూడే. ఆపాక నెలసరి లెక్కగా వస్తుంది, మునుపటిలా వరద కాదు. ఐరన్‌తో కలిసి హిమోగ్లోబిన్ 11.6కు చేరింది. రెండో ఏడాది మధ్యలో వేళ కాని వేళ మరకలు కనిపిస్తే మళ్లీ స్కానింగు చేశారు. పొర పలచగానే ఉంది. నేను రెండు నెలలు బిళ్ల సరిగ్గా వేసుకోకపోవడమే కారణమని తేలింది.

మరో సంగతి, ఈ మందులు గర్భం రాకుండా ఆపవు. మాలో చాలామందికి ఇరవైల్లోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోతుంది కాబట్టి ఆ ప్రశ్న రాదు. కానివాళ్లు అడిగి తెలుసుకోవాలి.

పదికి ఎంత వేస్తావంటే, ఆవిర్లకు తొమ్మిది, నిద్రకు ఏడు, భుజానికి ఐదు (అదీ ఫిజియోథెరపీ పుణ్యమే ఎక్కువ), నడుము చుట్టుకొలతకు సున్నా. మూడేళ్లలో నాలుగు కిలోలు పెరిగాను. దానికి జెల్‌ను తిట్టడం న్యాయం కాదు, సాయంత్రం పునుగులను తిట్టాలి. పేర్లు మరచిపోవడం కొంత తగ్గింది. కోపం సంగతికి వస్తే, సగం హార్మోనుది, మిగతా సగం ఇంట్లో పని పంచుకోని వాళ్లది. ఆ రెండో సగానికి ట్యూబులో మందు లేదు.

అందరికీ ఇదే పనికొస్తుందని అనను. మా బ్రాంచిలో ఒకావిడకు పదేళ్ల కిందట రొమ్ము కాన్సర్ నయమైంది, ఆమెకు హార్మోను కూడదు. కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన వాళ్లకూ, కాలేయం చెడిన వాళ్లకూ, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్లకూ సాధారణంగా ఇవ్వరు. మా బ్రాంచి ఆవిడకు వెన్లాఫాక్సిన్ తక్కువ మోతాదులో ఇచ్చారు. అది మామూలుగా దిగులుకు ఇచ్చే మందు. ఆవిర్లు సగానికి తగ్గాయంటుంది, నోరు మాత్రం ఎండిపోతుందట. డాలస్‌లో ఉన్న మా చెల్లెలు ఫెజోలినెటంట్ వాడుతోంది. అది హార్మోను కాదు, మెదడులో ఆ వేడి మీట మీదే పనిచేస్తుంది. అక్కడ 2023లో అనుమతించారు, మరుసటి ఏడాది కాలేయం గురించి గట్టి హెచ్చరిక చేర్చారు. మొదటి మూడు నెలలు నెలనెలా రక్తపరీక్ష. 2025 నవంబరులో ఆ 2002 అధ్యయనం తర్వాత హార్మోను మందుల మీద చేర్చిన పెద్ద హెచ్చరికను తీసేయిస్తామని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించినప్పుడు, "అక్కా, నీ ట్యూబు మంచిదేనట" అని అర్ధరాత్రి ఫోను చేసింది. హెచ్చరిక తీసినంత మాత్రాన నేను మామోగ్రామ్ మానలేదు.

నాకున్న పెద్ద ఫిర్యాదు సరుకు గురించి. మూడేళ్లలో రెండుసార్లు ఊళ్లో ఏ మందుల షాపులోనూ జెల్ దొరకలేదు. ఒకసారి పదిహేను రోజులు లేకుండా గడిపాను. తొమ్మిదో రోజుకు కుంపటి మళ్లీ రాజుకుంది. ఇప్పుడు గడువు తేదీ చూసుకుని ఒక ట్యూబు అదనంగా ఉంచుకుంటున్నాను. అది పడకగది బీరువాలో ఉంటుంది, మోకాళ్లకు అందని చోట.

మందు వల్ల నెలనెలా రక్తస్రావం వస్తుంది కాబట్టి నా సొంత నెలసరి ఆగిపోయిందో లేదో నాకు తెలియదు. నెలసరి లేకుండా వరుసగా పన్నెండు నెలలు గడిస్తేనే మెనోపాజ్ అంటారు, ఆ లెక్క నా క్యాలెండరులో కుదరదు. యాభై నిండాయి కాబట్టి వచ్చే నెల ప్రొజెస్టరాన్‌ను రోజూ 100 మిల్లీగ్రాములకు మారుస్తామన్నారు డాక్టరమ్మ, అప్పుడు రక్తస్రావం మెల్లగా ఆగిపోతుందట. ఆ మూడు ఏడుపు రోజులు కూడా పోతాయా అని అడిగాను. "వాడి మీరే చెప్పాలి" అన్నారు.