కొత్త గదికి విడిగా లాగిన లైన్లు: కొన్నేళ్లు వాడాక

ఇంటి వెనక అదనంగా కట్టిన గదిలోకి గీజరు, వాషింగ్ మెషీన్, మైక్రోవేవ్, ఏసీ అన్నీ చేరాయి. పక్క గది ప్లగ్గు నుంచే లైను లాగేద్దామన్నాడు మొదట వచ్చిన ఎలక్ట్రీషియన్. కాగితం మీద లెక్క వేసి చూశాం. గీజరు 2000 వాట్లు, మెషీన్‌లో నీళ్లు కాచే హీటరు ఇంకో 2000, ఏసీ 1500, మైక్రోవేవ్ 1200. అన్నీ ఒకేసారి నడిస్తే 6700 వాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర 29 ఆంపియర్లు. పక్క గదిలో ఉన్నది 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే పడిపోయే స్విచ్చు). ఇంక మాట్లాడేదేముంది?

మెయిన్ బోర్డు నుంచి 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి 40 ఆంపియర్ల ఎంసీబీ, కొత్త గదిలో చిన్న బోర్డు, అక్కణ్ణుంచి ఒక్కోదానికి ఒక్కో లైను వేయించాం. గీజరుకూ ఏసీకీ 4 చదరపు మిల్లీమీటర్లు, మిగతా రెంటికీ 2.5. ప్రతి లైనుకూ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీబీఓ, అంటే ఎంసీబీ పనితో పాటు కరెంటు లీకైనా పడిపోయే స్విచ్చు. ఖర్చు ఎక్కువే. కానీ ఇన్నేళ్లకు చూస్తే, పెట్టినదంతా గిట్టుబాటైంది ఈ ఆర్‌సీబీఓల దగ్గరే. గీజరు కాయిల్ చిల్లుపడి నీళ్లలోకి కరెంటు లీకైనప్పుడు ఆ ఒక్క లైనే పడిపోయింది. పక్కన ఏసీ తన పాటికి తాను తిరుగుతూనే ఉంది. మోజుపడి కొన్న ఖరీదైన స్విచ్చుల సంగతి అడక్కండి, రెండు అప్పుడే బిగుసుకుపోయాయి.

అయితే మొదట్లో ఈ ఆర్‌సీబీఓతోనే విసుగొచ్చింది. వాషింగ్ మెషీన్ స్విచ్ వేసి డ్రమ్ము కదలగానే టక్కున పడిపోయేది. "ఇది పీస్ బాగోలేదండీ, మామూలు ఎంసీబీ పెట్టేస్తా" అన్నాడు లైన్లు వేసిన ఎలక్ట్రీషియన్. ఒప్పుకోలేదు. ఇంకొకాయన్ని పిలిచి బోర్డు విప్పిస్తే అసలు సంగతి బయటపడింది. మెషీన్ ప్లగ్గుకు ఫేజు కొత్త లైను నుంచి వస్తోంది, న్యూట్రల్ మాత్రం పాత గది లైట్ల న్యూట్రల్‌కు కలిపేశారు. ఫేజులో వెళ్లిన కరెంటు తనలోంచే న్యూట్రల్ ద్వారా తిరిగొస్తోందా లేదా అని ఆర్‌సీబీఓ పోల్చి చూస్తుంది. దారి మళ్లితే దానికి అది లీకేజీ కిందే లెక్క. న్యూట్రల్ విడదీశాక మళ్లీ ఆ గొడవ లేదు. కాబట్టి ఎవరైనా ట్రిప్ అవుతోందని ఎంసీబీకి మార్చేద్దామంటే, ముందు న్యూట్రల్ ఎక్కడికి పోతోందో చూపించమనండి.

ఏసీకి సి రకం ఆర్‌సీబీఓ పెట్టించాం. కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. బి రకం దాని మీద రాసిన ఆంపియర్లకు 3 నుంచి 5 రెట్లకే వెంటనే పడిపోతుంది, సి రకం కనీసం 5 రెట్ల దాకా ఓర్చుకుంటుంది. ఇబ్బందేమీ రాలేదు.

రెండో ఏడాదిలో మైక్రోవేవ్ ప్లగ్గు ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. మెయిన్ ఆపి సాకెట్ విప్పిస్తే ఫేజు స్క్రూ వదులై ఉంది, దాని పక్కన వైరు తొడుగు గోధుమరంగుకు తిరిగి గట్టిపడింది. కాలిన ప్లాస్టిక్ వాసన కూడా. ఇలాంటిది ఎంసీబీకి తెలియదు, ఎందుకంటే అక్కడ కరెంటేమీ ఎక్కువ పోవడం లేదు, వదులు జాయింటు దగ్గర వేడి మాత్రం పుడుతోంది. ఆ ముక్క కత్తిరించి కొత్తగా బిగించారు. అప్పట్నుంచి ఏడాదికోసారి పవర్ ప్లగ్గులన్నీ విప్పించి స్క్రూలు బిగింపిస్తున్నాం. మూడు నెలలకోసారి ఆర్‌సీబీఓ టెస్ట్ బటన్ నేనే నొక్కుతాను.

ఒక్క లోపం చెప్పాలంటే బోర్డు పెట్టిన చోటు. తలుపు తీస్తే దాని వెనక్కి పోతుంది. చీకట్లో లైను పడిపోతే ముందు తలుపు మూసి, ఆ తర్వాత బోర్డు వెతుక్కోవాలి. బోర్డులో రెండు ఖాళీ స్థానాలు వదిలించాం కనక ఇప్పుడు పెట్టబోయే ఇండక్షన్ స్టవ్ లైను దానికే వస్తుంది. ఆ లైను కోసం గోడకు గాడి కొట్టడం ఎలాగూ తప్పదు, బోర్డునూ తలుపు అవతలికి జరిపించాలని చూస్తున్నాను.