శనివారం వాదం: తిరుపతిలోని ఒక చిన్న క్యాథలిక్ బడితో మా అనుభవం

మా పెద్దమ్మాయి ఈ బడిలో మూడో తరగతిలో చేరి ఇప్పుడు పదో తరగతికి వచ్చింది. కన్యస్త్రీలు నడిపే చిన్న బడి, తరగతికి ఒక్కటే సెక్షను, లాటిన్ నేర్పుతారు. ఇవన్నీ ఊళ్లో చాలామందికి తెలిసినవే. ఫీజు, బస్సు, యూనిఫారం సంగతులు ఆఫీసులో అడిగితే చెబుతారు. క్యాథలిక్ పిల్లలకు జ్ఞానోపదేశం, మిగతావారికి నీతిబోధ ఉంటాయి. మాది హిందూ కుటుంబం, ఈ విషయంలో ఇన్నేళ్లలో మాకు చిన్న ఇబ్బంది కూడా కలగలేదు.

నేను రాయదలచుకున్నది శనివారం చివరి రెండు పీరియడ్ల గురించి. వాటిని పిల్లలు ‘వాదం’ అంటారు. మా పిల్లను ఈ బడిలో ఉంచింది అదే.

అయిదో తరగతి దాకా అంతా కంఠస్థమే. ఎక్కాలు, వేమన పద్యాలు, డుమువులు, లాటిన్ విభక్తులు, అన్నీ నోటికి రావాలి. ఆరో తరగతిలో వాదం మొదలవుతుంది. సిస్టర్ ఒక ప్రశ్న ఇస్తారు. ఇద్దరు లేచి నిలబడతారు. మొదటి పిల్ల తన మాట చెబుతుంది. రెండో పిల్ల వెంటనే కాదనడానికి వీల్లేదు. విన్నదంతా ముందు తన మాటల్లో తిరిగి చెప్పాలి. “నేను అన్నది ఇదే” అని మొదటి పిల్ల తల ఊపాలి. ఊపకపోతే మళ్లీ చెప్పాలి. ఆ తర్వాతే జవాబు. ఒప్పుకునే మాటకు ‘కొంచేదో’, ఒప్పుకోని మాటకు ‘నేగో’, ఒక అర్థంలో సరే, మరో అర్థంలో కాదు అనాలంటే ‘దిస్తింగువో’. ఈ మూడు లాటిన్ మాటలూ మా ఇంట్లో ఇప్పుడు అందరికీ వచ్చు.

ఇది సిస్టర్ కనిపెట్టిన పద్ధతి కాదు. జెస్యూట్ సభకు చెందిన క్యాథలిక్ గురువులు 1599లో తమ విద్యాలయాలకు రాసుకున్న ప్రణాళికలోనే వాదాలకు చోటుంది. 13వ శతాబ్దికి చెందిన క్యాథలిక్ వేదాంతి పునీత తోమా అక్వినాసు తన పెద్ద గ్రంథంలో ఏ ప్రశ్న ఎత్తుకున్నా ముందు ఎదుటివారి ఆక్షేపణలు పెట్టి, ఆ తర్వాతే తన సమాధానం రాశారు. సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం, అంటే మన తర్కశాస్త్రం, చెప్పి రిటైరైన మా పక్కింటి ఆచార్యులవారు ఇది విని, పూర్వపక్షం, అంటే ఎదుటివారి వాదం, చెప్పకుండా సిద్ధాంతం చెప్పడం మన శాస్త్రాల్లోనూ లేదన్నారు.

తల్లిదండ్రులు వెళ్లి వెనక బెంచీలో కూర్చోవచ్చు. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా నవంబరులో ఒక శనివారం వెళ్లాను. రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసి అప్పుడే తెరిపి ఇచ్చింది. కిటికీలోంచి చూస్తే శేషాచలం కొండ నడుముకు తెల్లని చార. ఒక అబ్బాయి అది పొగ అన్నాడు, పొగ ఉంది కాబట్టి అడవి అంటుకుందన్నాడు. వాళ్ల నాన్న 2014లో తిరుమల అడవి కాలినప్పుడు చూశారట. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి అతని మాటంతా తిరిగి చెప్పి, “పొగ ఉంటే నిప్పు ఉంటుంది, కొంచేదో. అది పొగ, నేగో. ఇంత వానలో తడిసిన కట్టె ఎలా అంటుకుంటుంది?” అంది. అతను తడుముకోలేదు. “తడికట్టెకే పొగ ఎక్కువ వస్తుంది, మా అవ్వ పొయ్యి దగ్గర చూశాను” అన్నాడు. తరగతంతా నిశ్శబ్దం. సిస్టర్ ఎవరి పక్షమూ పట్టలేదు. పొగకూ మబ్బుకూ తేడా కంటితో ఎలా కనిపెడతారని మాత్రం అడిగారు. పిల్లలు కిటికీ దగ్గర చేరారు. పొగ అయితే ఒకచోట నుంచి లేచి పైకి పోవాలి, ఇది లోయ వెంట పాకుతోంది అని చివరికి ఆ అబ్బాయే చెప్పి కూర్చున్నాడు. సాయంత్రం ఆచార్యులవారికి తడికట్టె సంగతి చెబితే ఆయన సంతోషం పట్టలేకపోయారు. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనడానికి లేదు, తడికట్టె కలవాలి అన్న చర్చ వారి శాస్త్రంలో ఉందట.

అంతకన్నా పెద్ద ఆశ్చర్యం మా ఇంట్లోనే జరిగింది. అమ్మాయి ఎనిమిదిలో ఉండగా మా మామగారు ఆమెను ఐఐటీ ఫౌండేషన్ ఉన్న కార్పొరేట్ బడికి మార్చాలని పట్టుబట్టారు. ఆయన రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో పనిచేసి రిటైరయ్యారు, మాట ఖండితంగా ఉంటుంది. మావారిదీ అదే తీరు. ఆ వారమంతా ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. ఒక రాత్రి భోజనాల దగ్గర పిల్ల, “తాతయ్యా, మీరు చెప్పేది నేను చెబుతాను, తప్పుంటే దిద్దండి” అని మొదలుపెట్టింది. మా బడిలో లెక్కలు సిలబస్ వరకే చెబుతారు. పోటీ పరీక్షకు వేగం కావాలి, అది ఇప్పటి నుంచే రావాలి. లాటిన్‌కు పదో తరగతిలో మార్కులు లేవు కాబట్టి ఆ సమయం వృథా. అమ్మానాన్నల జీతాలతో సీటు కొనలేం కాబట్టి ర్యాంకు తప్ప దారి లేదు. “అంతేనా తాతయ్యా?”

ఆయన అన్నం కలపడం ఆపేశారు. “అంతేనమ్మా. ఆ చివరిది మాత్రం నేను పైకి అనలేదు” అన్నారు. ఆయన మనసులోని భయాన్ని ఇంట్లో మా ఎవరికన్నా ముందు ఆ పిల్ల పట్టుకుంది. ఆ తర్వాత తన జవాబు చెప్పింది. లెక్కల సంగతి, డబ్బు సంగతి ఒప్పుకుంది. మార్కులు లేవన్నదీ ఒప్పుకుంది, వృథా అన్నది మాత్రం ఒప్పుకోలేదు. బడి మారకుండా సాయంత్రం లెక్కల ట్యూషన్‌కు వెళతానంది. మామగారు కాసేపు ఆలోచించి సరేనన్నారు. మా ఇంట్లో ఒక గొడవ ఇద్దరి మాటా నిలిచి ముగియడం నేను అదే మొదటిసారి చూడటం.

ఆ ట్యూషన్ ఇప్పటికీ నడుస్తోంది. దాని ఖర్చు, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరే పిల్ల అలసట కూడా ఈ బడి లెక్కలోకే వస్తాయి. వాదం అందరు పిల్లలకూ ఒకేలా పట్టుబడదు. బెరుకుగా ఉండే పిల్లలు ఏడాదంతా ఎదుటివారి మాట అప్పజెప్పడం దగ్గరే ఆగిపోవడం చూశాను.

నన్ను అసలు బాధపెట్టింది మరొకటి. ఎనిమిదో తరగతి ముగిసిన వేసవిలో ఆ సిస్టర్‌కు వారి సభ పెద్దల నుంచి బదిలీ వచ్చింది. కన్యస్త్రీలకు బదిలీలు మామూలే, అందులో తప్పు పట్టను. కానీ బడికి ప్రాణం లాంటి పనిని ఒక్క మనిషి మీద వదిలేశారు. వాడిన ప్రశ్నలు ఒక పుస్తకంలో రాసిపెట్టలేదు, మరో టీచరును పక్కన కూర్చోబెట్టి నేర్పలేదు. జూన్‌లో వాదం వక్తృత్వ పోటీగా మారింది, దసరా తర్వాత ఆ పీరియడ్లు స్లిప్ టెస్టులకు పోయాయి. జనవరి 28, పునీత తోమా అక్వినాసు పండుగ. ఆయన క్యాథలిక్ విద్యాలయాలకు పాలక పునీతుడు. అంతకుముందు ఏటా ఆరోజు తల్లిదండ్రుల ఎదుట పెద్ద వాదం పెట్టేవారు. ఆ ఏడాది దివ్యబలి పూజ జరిగింది, మిఠాయిలు పంచారు, అంతే. వెళ్లి అడిగాను. ప్రిన్సిపాల్ సిస్టర్ ఓపికగా విన్నారు, మనుషులు చాలడం లేదన్నారు. అది నిజమే కావచ్చు. అయినా, అడ్మిషన్ల వేళ ఈ వాదాన్నే చూపించి పిల్లలను చేర్చుకున్న బడి దాన్ని అలా జారవిడవకూడదు.

ఈ జూన్ నుంచి ఒక యువ ఉపాధ్యాయుడు ఆరు, ఏడు తరగతులకు మళ్లీ మొదలుపెట్టారు, రెండు వారాలకోసారి. ఒకసారి వెళ్లి కూర్చున్నాను. తిరిగి చెప్పే నియమం గట్టిగానే పాటిస్తున్నారు, జవాబుల దగ్గర ఇంకా తడబాటు ఉంది.

మేముండేది బైరాగిపట్టెడలో, బడి నడిచే దూరమే. అమ్మాయికి ఇంజనీరింగ్ మీద ప్రత్యేకంగా ఆశ లేదు. ట్యూషన్ ఫీజు ప్రస్తుతానికి భరించగలం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఈ బడిని ఇంత ధైర్యంగా మెచ్చుకోలేకపోయేదాన్ని. చేర్చాలనుకునేవారు ఆఫీసులో చెప్పేది విని ఊరుకోకుండా ఒక శనివారం వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి, వచ్చే ఏడాది వాదం ఎవరు నడుపుతారో, ఆయన లేకపోతే ఎవరో అడగండి. మా చిన్నమ్మాయి అయిదులో ఉంది, బెరుకు ఎక్కువ. ఆమెను ఆరుకు ఇక్కడే ఉంచాలా వద్దా అన్నది మేమింకా తేల్చుకోలేదు.